ఇద్దరికి తక్కువైతే వండరు

"ఒక్కరికి వండం, తల్లీ. ఇద్దరికి తక్కువైతే పొయ్యి వెలిగించం."

ఆ మధ్యాహ్నం ఇరియా ఈ మాట వినడం నాలుగోసారి. మొదటి హోటల్‌లో మర్యాదగా చెప్పారు. రెండోచోట నవ్వుతూ చెప్పారు. మూడోచోట మాట కూడా దండగనుకుని తల అడ్డంగా ఊపారు. వలెన్సియా రేవుకి దగ్గర్లో, కబన్యాల్ పేటలో, గోడలకి నీలం పలకలు అతికించిన ఈ చిన్న హోటల్‌లో మాత్రం అరవై ఏళ్ల ఆంపారో నడుం మీద చేయి పెట్టుకుని మరీ చెప్పింది.

"ఇద్దరిది నేనొక్కదాన్నే తింటాను," అంది ఇరియా.

"తింటావు. నీ భుజాలు చూస్తేనే తెలుస్తోంది. కానీ పెనం అన్నం, అదే మా పాయెల్యా, కావాలంటే నిన్ననే చెప్పుకోవాలి. ఆదివారం రెండింటికి వచ్చి నిలబడి వడ్డించమంటే ఎక్కణ్ణుంచి తేను? ఏ ఊరు మీది?"

"గలీసియా."

"అదీ సంగతి! ఏడాదంతా వానలే మీకు. అన్నం కూడా వానలో నానబెట్టుకుని తింటారేమో. ఇక్కడ వండుకుని తింటాం."

ఇరియా గడియారం చూసుకుంది. రెండూ పది.

ఆమె చేతిలో మూడు గంటలు కూడా లేవు. సరిగ్గా ఐదింటికి ఆమె 'దోన్యా కర్మె' అనే సరుకు ఓడ ఎక్కి ఉండాలి. ఆరింటికి ఓడ బయలుదేరుతుంది. ఆ ఓడలో పదమూడు మందికి మూడు పూటలా వండేది ఇరియానే. ఇప్పటికే రెండుసార్లు ఆలస్యమైంది. జెనోవాలో ఉప్పుచేపల కోసం ఒకసారి, బిల్బావోలో ఒక ముసలమ్మ దగ్గర జున్ను కోసం ఇంకోసారి. ఈ ఉదయం మెట్లు దిగుతుంటే కెప్టెన్ సౌతో అందరి ముందూ వేలు చూపించి అన్నాడు: "ఐదు దాటి ఒక్క నిమిషమైనా సరే, నీ సంచి ఒడ్డు మీద ఉంటుంది. నా మాట అంటే మాటే."

ఆయన మాట తప్పే మనిషి కాదు. ఆమెకి ఓడ తప్ప ఇంకో ఇల్లూ లేదు.

అయినా దిగింది. రెండేళ్లలో ఓడ ఇరవైసార్లు ఈ రేవుకి వచ్చింది. సాయంత్రం రావడం, తెల్లారేసరికి పోవడం. ఒడ్డున నారింజ కట్టెల పొగ వాసన వంటగది కిటికీలోంచి లోపలికి వచ్చి ఊరించి వెళ్లేది. ఇంజన్‌లో ఏదో భాగం విరగడం వల్ల ఇన్నాళ్లకి ఒక్క పగలు దొరికింది. పైగా ఎనిమిది నెలలుగా ఆమె తిన్న ప్రతి ముద్దా తను వండిందే. ఇంకొకరి చేతి వంట తిని ఎంతకాలమైందో లెక్క పెట్టుకుంటే ఏడుపొచ్చేలా ఉంది.

సంచీ భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్లింది.

"ఒరేయ్ వోరో!" వెనకాల ఆంపారో గొంతు ఖంగుమంది. "మీ అన్న ఏడిరా? మీ పెనం పొయ్యి మీదికి ఎక్కి గంటయింది!"

కిటికీ దగ్గర ఒంటరిగా కూర్చున్న మనిషి ఫోన్‌లోంచి తలెత్తాడు. "రాడు పిన్నీ. వాళ్ల అత్తగారింట్లో సోఫా మూడో అంతస్తుకి మోయాలట."

"మరి వాడి వాటా?"

"నేనే తింటా."

"నువ్వా? నీ పొట్ట గురించి డాక్టరేమన్నాడో పేటంతా తెలుసురా." ఆంపారో తిరిగి ఇరియా వైపు చేయి చాచింది. "ఇదిగో, గలీసియా పిల్ల. ఆకలి మీదుంది. కూర్చోబెట్టుకో. మాటలొస్తే మాట్లాడు, లేదంటే నోరు మూసుకుని తిను. అమ్మాయ్, రా ఇటు! మంచివాడే. కరవడు."

వోరో లేచి కుర్చీ లాగాడు. నలభై దాటి ఉంటాయి. ముదురు నీలం స్వెటర్. చెంపల దగ్గర నెరిసిన జుట్టు. దూరం చూసీ చూసీ ముడతలు పడ్డ కళ్లు. అరచేతుల్లో తాడు ఒరుసుకున్న పాత గాట్లు. ఇరియా అన్నిటికంటే ముందు చేతులు చూస్తుంది. వంటవాళ్లకి అది అలవాటు.

"మీ అన్నయ్య వాటా దోచుకుంటున్నాను," అంది.

"దోచుకోండి. మా అన్న పెద్దదొంగ. మాట్లాడిస్తూ మాట్లాడిస్తూ కుందేలు ముక్కలన్నీ ఏరేస్తాడు."

ఆంపారో ద్రాక్షసారా సీసా తెచ్చి రెండు గ్లాసులు పెట్టింది. వోరో తన గ్లాసు మీద అరచెయ్యి మూశాడు.

"ఇవాళ వద్దు."

"ఆదివారం! ఆదివారం చర్చిలో ఫాదర్ కూడా తాగుతాడురా!"

"ఫాదర్‌కి సాయంత్రం పనుండదు పిన్నీ. నాకుంది."

ఏం పనో చెప్పలేదు. ఇరియా అడగలేదు. కానీ ఆ మూసిన చెయ్యి గుర్తుంచుకుంది.

మూడు కావస్తుండగా పెనం వచ్చింది.

రెండు చేతులతో గానీ ఎత్తలేనంత వెడల్పు, వేలెడంత లోతు. ఆంపారో దాన్ని బల్ల మధ్య పెట్టి పక్కకి తప్పుకుంది, పెళ్లికూతుర్ని చూపించినట్టు. కుంకుమపువ్వు రంగు పట్టిన అన్నం, మెతుకుకి మెతుకు అంటకుండా. చదునుగా కోసిన పచ్చి చిక్కుళ్లు, బొటనవేలంత తెల్ల గింజలు, కోడి, కుందేలు, నాలుగు నత్తలు, పైన ఒక్క రోజ్‌మేరీ రెమ్మ. అంచుల్లో నూనె ఇంకా చిటపటమంటోంది. కింద ఎక్కడో మాడు పట్టిన కమ్మటి వాసన. ఇరియా కళ్లు మూసుకుని పీల్చింది. నీళ్లు ఎంత, మంట ఎప్పుడు తగ్గించారు, ఎప్పుడు వదిలేశారు, అన్నీ ముక్కుకే తెలిసిపోయాయి. ఇంత సన్నటి పొరగా అన్నం వండడం ఆమెకి రాదు. ఆ సంగతి ఒప్పుకోవడంలో ఆమెకి గొప్ప సుఖం కలిగింది.

తరవాత ఆమె చేతులు వాటి అలవాటు ప్రకారం కదిలాయి. పదమూడు మంది నావికులకి అన్నం పెట్టే మనిషి చేతులవి. ఒకడికి ముక్క ఎక్కువ, ఒకడికి తక్కువ పడితే ఓడలో గొడవ. అందుకని వడ్డించే ముందు గిన్నె అడుగు దాకా గరిటె దించి, అంతా కలిపేస్తుంది.

గరిటె దించింది. కలిపేసింది.

పక్క బల్ల మీద ఒక పెద్దాయన చెంచా నోటి దగ్గరే ఆగిపోయింది. ఆ బల్ల దగ్గరి పాప "అమ్మా, చూడు!" అంది. అమ్మ పాప కళ్లు మూసింది.

"అయ్యో, అయ్యో," అంది ఆంపారో గుండె మీద చెయ్యి వేసుకుని. "దాన్ని కదపకూడదు తల్లీ! బియ్యం వేశాక నేనే కదపను! ఎవరి ఎదురుగా ఉన్న ముక్కోణం వాళ్లది. పక్కవాడి హద్దులోకి చెంచా పెడితే ఈ పేటలో అన్నదమ్ములు మాటలు మానేశారు. నువ్వేమో రెండూ కలిపి పారేశావు!"

ఇరియా చెవుల దాకా ఎర్రబడింది. గరిటె ఎక్కడ దాచాలో తెలియలేదు.

వోరో పెనం వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. భుజాలు కదలడం మొదలైంది. నవ్వుతున్నాడు, చప్పుడు లేకుండా, కళ్లలో నీళ్లు తిరిగేలా.

"ఊరుకో పిన్నీ. పుట్టినప్పట్నుంచీ గోడ కట్టుకునే తిన్నాను. ఇవాళ గోడ పడిపోయింది. ఎట్లా ఉంటుందో చూద్దాం." చెక్క చెంచా తీసుకుని నేరుగా ఆమె వైపు నుంచి ఒక ముద్ద తీసుకున్నాడు. "బాగుంది! అన్న వైపు అన్నం ఇంత బాగుంటుందని నలభై రెండేళ్లు నాకెవరూ చెప్పలేదు."

ఆ తరవాత ఇద్దరూ ఆగలేదు. అతను కుందేలు ముక్కలు ఆమె ముందుకి నెట్టాడు. ఆమె నత్తలు అతని ముందుకి నెట్టింది. అతను ఏ బల్ల దగ్గర ఎవరి కథేమిటో గుసగుసగా చెప్పాడు. తినేటప్పుడు ఆమె మొహాన్ని, వంట రుచి చూస్తున్నంత శ్రద్ధగా చూశాడు. ఇరియాకి అది బాగుంది. పదమూడు మంది ఆమె వంటని చూస్తారు. ఆమెని చూసినవాడు ఈ మధ్య ఎవరూ లేరు.

"మీరు కూడా వంట చేస్తారు," అన్నాడు వోరో. "ఎవరికి?"

"ఓడలో. 'దోన్యా కర్మె'."

అతని చెంచా ఆగింది.

"ఎన్నాళ్లుగా?"

"రెండేళ్లు."

"గురువారాలు ఏం వండుతారు?"

వింత ప్రశ్న. "ఆక్టోపస్, బంగాళాదుంపలు. ఎందుకు?"

"చలికాలంలో చెస్ట్‌నట్ పిండితో రొట్టె?"

ఇరియా తిన్నగా కూర్చుంది. ఆ రొట్టె సంగతి ఓడలో వాళ్లకి తప్ప ఎవరికీ తెలియదు. "మీకెలా తెలుసు?"

అతను చెంచా బల్ల మీద పెట్టి ముందుకి వంగాడు. "ఇవాళ ఊరి కొస గట్టునేగా ఉన్నారు? ఆరింటికేగా కదిలేది?" అన్నాడు. అంతలో ఫోన్ మోగింది. "ఒక్క నిమిషం," అని గుమ్మం బయటికి వెళ్లాడు.

తలుపు సందులోంచి అతని గొంతు వినబడింది, తగ్గించి, తొందరగా. "అవును, దోన్యా కర్మె. ఆరింటికి. అది నాది, ఎవరికీ ఇవ్వను... ఎంత బతిమాలినా ఇవ్వను... ఆ మనిషి ఇక్కడే ఉంది, నా ఎదురుగా. లేదు, ఇంకా చెప్పలేదు."

ఇరియా చెంచా కింద పెట్టింది.

రేవుల్లో తిరిగే ప్రతి ఓడలోనూ కెప్టెన్‌లు ఒకే హెచ్చరిక చేస్తారు. ఓడ గురించి వివరాలడిగే కొత్తవాళ్లతో జాగ్రత్త. ముందు భోజనం పెడతారు. తరవాత ఒక చిన్న పొట్లం చేతిలో పెడతారు, ఫలానా ఊళ్లో ఫలానావాడికి ఇమ్మని. పట్టుబడితే జైలుకి పోయేది మనమే. వంటగదిలో దాచే చోట్లు ఎక్కువ కనక వాళ్ల కన్నెప్పుడూ వంటవాళ్ల మీదే.

మద్యం ముట్టడు. సాయంత్రం పని. ఓడ పేరు, బయలుదేరే సమయం, గురువారం భోజనంతో సహా తెలుసు. గోడ పడిపోయిందట! ఎంత తియ్యగా చెప్పాడు.

గడియారం నాలుగూ పది చూపిస్తోంది. పెనం అడుగున మాడు మిగిలి ఉంది, బంగారం రంగులో, కరకరలాడుతూ. చివర్లో తీరిగ్గా గీక్కుని తినేది, అన్నిటికంటే రుచైనది. ఇరియా దాని వంక ఒక్కసారి చూసి, సంచీ తీసుకుని, వంటగది వెనక తలుపులోంచి బయటపడింది.

వీధి చివరికి చేరేసరికి అసలు ప్రమాదం ఎదురైంది. సైకిల్ పందెం. రేవుకి పోయే రోడ్డంతా తాళ్లు కట్టేశారు. బస్సులు లేవు. టాక్సీలు లేవు. సరుకు ఓడల గట్టు ఊరి కొసన, కంచెకి ఆవల. ఇరియా నడిచింది, తరవాత పరుగెత్తింది, తరవాత చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తింది.

గేటు దాటి గట్టు మీదికి వచ్చేసరికి ఐదూ పన్నెండు.

ఓడ మెట్ల దగ్గర ఆమె గోధుమరంగు సంచి ఒంటరిగా ఉంది. మీద నీటుగా మడతపెట్టిన ఆమె తెల్ల ఏప్రాన్. పైన రెయిలింగ్ పట్టుకుని సిబ్బందంతా నిలబడ్డారు, చావు ఇంటి ముందు నిలబడ్డట్టు.

కెప్టెన్ సౌతో మెట్ల మీద ఉన్నాడు. గడియారం ఆమెకేసి తిప్పి చూపించాడు.

"పన్నెండు నిమిషాలు, ఇరియా."

"అవును కెప్టెన్."

"ఏమైంది?"

సైకిళ్ల సంగతి చెప్పొచ్చు. అబద్ధం కాదు. కానీ సైకిళ్ల కంటే ముందు ఇంకో రెండు గంటలున్నాయి, పెనం చుట్టూ. "అన్నం తింటూ కూర్చున్నాను," అంది.

పైనుంచి బ్రాయిస్ అనే నావికుడు అరిచాడు. "పోనీండి కెప్టెన్! ఈ పూట వంట మీరు చేస్తారా? పోయినసారి మీరు గుడ్లు ఉడకబెడితే ఇంజన్ బోల్టులనుకున్నాం!"

"నోర్ముయ్యి!" సౌతో మొహం ఎర్రగా ఉంది. కోపంతో కాదు. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోలేక. "అందరి ముందూ చెప్పాను ఇరియా. నేనేం చెయ్యను?"

"మీరేం చెయ్యక్కర్లేదు. పొయ్యి పక్కన పిండి పొంగుతోంది. అరగంటలో ఓవెన్‌లో పెట్టమనండి. పెట్టకపోతే పులిసిపోతుంది." వంగి సంచి అందుకుంది.

అప్పుడు మోటార్‌సైకిల్ చప్పుడయింది.

గట్టు మీదుగా వచ్చి మెట్ల ముందు ఆగింది. దిగిన మనిషి నారింజరంగు లైఫ్ జాకెట్ వేసుకుని ఉన్నాడు. భుజాన రేడియో. చేతిలో ఒక పెద్ద రేకు పొట్లం.

పొట్లం! ఇరియా రెండడుగులు వెనక్కి వేసింది. "కెప్టెన్, ఇతన్ని ఎక్కనివ్వకండి! భోజనం పెట్టి ఓడ సంగతులన్నీ కూపీ లాగాడు!"

సౌతో ఆమె వంకా, వోరో వంకా మార్చి మార్చి చూశాడు. "ఇతన్ని ఎక్కనివ్వకపోతే మనం కదలం. ఇతను రేవు పైలట్. ఓడని బయటికి తీసుకెళ్లేది ఇతనే."

పైన గొంతులన్నీ ఒక్కసారి నవ్వాయి. నారింజ కట్టెల పొయ్యి కన్నా ఎక్కువగా ఇరియా మొహం కాలింది.

"రెండేళ్లుగా ఈ ఓడ చుక్కాని గదిలో నిలబడి మీ వంట తింటున్నాను," అన్నాడు వోరో ఆమెతో. "గురువారం ఆక్టోపస్. చలికాలంలో చెస్ట్‌నట్ రొట్టె. సార్డీన్ చేపలు కూరి కాల్చే ఎంపనాద అయితే, ఆ రొట్టె అంచు మడత నాకు కల్లోకి కూడా వచ్చింది. పళ్లెం తెచ్చేది ఎప్పుడూ బ్రాయిస్. వండేది ఎవరో మనోలో అనే మీసాల మనిషి అనుకున్నాను, వంద కిలోలుంటాడని. అంత ఇష్టమున్నా ఏం చెయ్యగలను, మీసాలాయె! ఇవాళ మీరు ఆక్టోపస్ సంగతి చెప్పగానే నాలుక అంటుకుపోయింది. ఫోన్ చేసినవాడు మా తోటి పైలట్ రమోన్. ఈ ఓడ తనకిమ్మని ఏడుస్తాడు ప్రతిసారీ. లోపలికొచ్చి చెబుదామంటే కుర్చీ ఖాళీ."

తరవాత కెప్టెన్ వైపు తిరిగాడు. ఒడ్డున ఉన్న సంచి చూశాడు. అర్థమైంది.

"ఆలస్యం ఆవిడదే కెప్టెన్, నేను అబద్ధం చెప్పను. అన్నం మాత్రం నాది. ఒక్క విషయం మీకు తెలియాలి. మా పైలట్ల గదిలో ఒక పలక ఉంది. ప్రతి ఓడ పేరు పక్కనా రాసుకుంటాం. 'కాఫీ వద్దు.' 'నీళ్లు వెంట తీసుకెళ్లు.' దోన్యా కర్మె పక్కన మూడు నక్షత్రాలున్నాయి. ఈ రేవులో అవి ఇంకే ఓడకీ లేవు. మీ కోసం క్రిస్మస్ రోజు డ్యూటీ అడిగి మరీ వేయించుకున్నాను. రేపు ఆ నక్షత్రాలు చెరిపేస్తే మీకు రోజెర్ వస్తాడు. తన మూత్రపిండంలో రాళ్ల గురించి రేవు దాటేదాకా చెబుతాడు. ఒక్కో రాయికీ ఒక్కో పేరు."

"రోజెర్ వద్దు!" పైనుంచి ఎవరో కేక.

సౌతో గడ్డం గీరుకున్నాడు.

"సంచి ఒడ్డున ఉంటుందన్నాను," అన్నాడు చివరికి, బిగ్గరగా, అందరికీ వినబడేలా. "ఉంది. అందరూ చూశారు. నా మాట చెల్లింది. ఇప్పుడు ఎవడైనా వచ్చి దాన్ని పైకి మొయ్యండి. పిండి పులిసిపోతుందట."

నలుగురు ఒకేసారి మెట్లు దిగారు.

ఆరింటికి ఇరియా తనే పళ్లెం పట్టుకుని చుక్కాని గదికి ఎక్కింది. ఇన్నాళ్లూ బ్రాయిస్‌తో పంపింది. పైలట్‌ని ఒక్కసారీ చూడలేదు. వోరో కిటికీ ముందు నిలబడి ఉన్నాడు. గొంతు పెంచడం లేదు. "కొద్దిగా ఎడమకి. చాలు. నెమ్మదిగా." అంత పెద్ద ఓడ, గట్లకీ క్రేన్‌లకీ మధ్య, ఎదురుగా వస్తున్న ఇంకో ఓడని తప్పించుకుంటూ, అతని మాట వెంట సముద్రంలోకి జరుగుతోంది. కుండలో పాలు పొంగకుండా చూసే మనిషి నిలబడినట్టు నిలబడ్డాడు. చెయ్యాల్సింది చేసి, తరవాత కదపకుండా వదిలేస్తున్నాడు. అన్నం ఎలా వండాలో ఆమెకి అప్పుడు అర్థమైంది.

చూపు మరల్చకుండానే అతను రేకు పొట్లం వైపు తల ఊపాడు. "నువ్వు వదిలేసి వెళ్లావు. ఆంపారో పిన్ని గీకి ఇచ్చింది. పెనమంతా నీదే."

పొట్లం విప్పింది. మాడు, ముక్కలు ముక్కలుగా, బంగారం రంగులో. ఒక ముక్క నోట్లో వేసుకుంది. కర్రుమంది. ఇంకో ముక్క తీసి, మాట్లాడకుండా అతని నోటికి అందించింది. కెప్టెన్ సౌతో మ్యాపు మీదకి వంగి చాలా శ్రద్ధగా ఏదో చదివాడు.

రేవు ముఖద్వారం దాటాక పైలట్ల పడవ పక్కకి వచ్చింది. వోరో తాడు నిచ్చెన పట్టుకుని ఓడ పక్క నుంచి దిగుతుంటే, పైనుంచి ఇరియా ఒక డబ్బాని తాడు కట్టి దించింది. అతను పడవలో నిలబడి మూత తెరిచాడు. సార్డీన్ ఎంపనాద, వేడివేడిగా. సగమే ఉంది.

"మిగతా సగం?" అని అరిచాడు.

"తిరిగొచ్చాక!"

పడవ తిరిగింది. ఇరియా ఖాళీ పళ్లెం కోసం చుక్కాని గదికి తిరిగి వచ్చేసరికి రేడియో గరగరలాడింది. రేవులో ఉన్న ప్రతి ఓడా వినే చానెల్ అది.

"దోన్యా కర్మె, దోన్యా కర్మె, పైలట్. మూడు వారాల తరవాత ఆదివారం మీరు రేవులో ఉంటారు. మీ కెప్టెన్ కన్నా ముందు నాకు తెలుసు. మధ్యాహ్నం రెండింటికి. ఇద్దరికి చెప్పి ఉంచుతాను. ఓవర్."

సౌతో కళ్లజోడు పైకి జరుపుకున్నాడు. "ఏమిటి ఇద్దరికి?"

"అన్నం, కెప్టెన్," అంది ఇరియా, మైకు అందుకుంటూ. "ఒక్కరికి వండరట."